‘పైకి రాశాం’ అంటున్నారు, ఆ పైన ఎవరున్నారు?

ప్రశ్న:

మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. మా పాప నాలుగో తరగతి, బాబు రెండో తరగతి. ఇద్దరూ ఇక్కడి మున్సిపల్ స్కూల్లోనే చదువుతున్నారు. ఈ మధ్యే నన్ను స్కూల్ కమిటీలో మెంబరుగా ఎన్నుకున్నారు. నెల క్రితం సాయంత్రం బడి వదిలాక పాప వాళ్ల గదిలో స్లాబు పెచ్చు ఊడి బెంచీ మీద పడింది. పొద్దున్నే వెళ్లి చూస్తే తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తున్నాయి. మా హెచ్‌ఎం మేడం మంచావిడే. అడిగితే “పైకి రాశామమ్మా, పైనుంచి రావాలి” అంటున్నారు. ఆ బెంచీని గోడ వైపుకి జరిపి క్లాసులు అక్కడే నడుపుతున్నారు. గేటు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దానికి కంచె లేదు. గవర్నమెంటు స్కూళ్లలో పిల్లల భద్రత చూడటానికి అసలు ఒక ఆఫీసంటూ ఉందా? మా ఆయన ప్రైవేటులో వేసేద్దాం అంటున్నారు. కమిటీలో ఉన్న నేనే పిల్లల్ని తీసేస్తే నలుగురూ ఏమనుకుంటారు? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

– ఒక తల్లి, విజయవాడ

జవాబు:

అమ్మా, ముందు ఆ గదికి తాళం వేయించండి. మిగతావన్నీ ఆ తర్వాత.

బెంచీ జరిపినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. ఒకచోట పెచ్చు ఊడిందంటే దాని చుట్టూ కూడా లోపల ఊచలు ఉబ్బి ఉండే అవకాశం ఎక్కువ. స్లాబులోకి నీరు దిగితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ముందుకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికి కింది సిమెంటు పొర లేస్తుంది. పైన సున్నమో రంగో వేసి ఉంటే కింద నిలబడి చూసేవాళ్లకి కప్పు శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజినీరు వచ్చి చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ‘టక్’మంటుంది, లేచినచోట గుల్లగా మోగుతుంది. ఆ పని మాత్రం మీరు చేయకండి. తట్టగానే ఊడిపడే పెచ్చులుంటాయి.

మీరు చేయగలిగింది వేరే ఉంది. గోడల్లో బీటలుంటే ఒక్కో బీట రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. నెల తర్వాత బీట ఆ గీత దాటిందంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ఫోటో తీసేటప్పుడు పాప స్కేలు పక్కన పెట్టి తీయండి. ఆ ఊడిపడిన పెచ్చు ఎక్కడైనా పడేసి ఉంటే తెచ్చి ఆఫీసు గదిలో బీరువా మీద పెట్టించండి. వచ్చిన ప్రతి అధికారికీ అది చూపించాలి.

గదులు చాలవని మేడం అనొచ్చు. ఆవిడ ఇబ్బంది నిజమే కావచ్చు. నాలుగు, ఐదు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెడితే చదువు కొన్నాళ్లు కుంటుపడుతుంది. పడనివ్వండి. తాళం వేయడానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు.

ఇక ఒక ఆఫీసంటూ ఉందా అన్న మీ ప్రశ్న. ‘బడి భద్రత శాఖ’ అని బోర్డు పెట్టుకున్న ఆఫీసు లేదు. ఉన్నంతలో మీకు పనికొచ్చేది సమగ్ర శిక్ష. పాత సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయుల శిక్షణ, ఈ మూడింటినీ కలిపి 2018లో పెట్టిన పథకం ఇది. మన రాష్ట్రంలో ఖర్చు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. రాష్ట్ర స్థాయిలో ఒక ప్రాజెక్టు కార్యాలయం, ప్రతి జిల్లాలో ఒక ఆఫీసు, ఆ ఆఫీసుకి సొంత ఇంజినీర్లు ఉంటారు. బడి నిర్వహణ ఖర్చులకి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు, మరమ్మతుల ప్రతిపాదనలు, ఆడపిల్లలకి ఆత్మరక్షణ శిక్షణ లాంటివన్నీ ఈ దారినే వస్తాయి. వాన, వరద, పిడుగుల హెచ్చరికలు చూసేది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. దాని ఆఫీసు కృష్ణ అవతల, తాడేపల్లిలోనే ఉంది. పిల్లల హక్కులకి భంగం కలిగితే విచారించే అధికారం రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌ది.

ఇన్ని ఉన్నాయి కదా, మరి మీ గది ఎవరికీ ఎందుకు కనిపించలేదు? జిల్లా ఆఫీసులో కూర్చున్నవాళ్లకి మీ బడి కాగితం మీదే కనిపిస్తుంది. ఏటా ప్రతి బడీ యూడైస్ ప్లస్ అనే పెద్ద ఫారం నింపుతుంది. ఎంతమంది పిల్లలు, ఎన్ని గదులు, వాటిలో బాగున్నవెన్ని, పెద్ద మరమ్మతు కావాల్సినవెన్ని అని అడుగుతుంది. దానిలోనే భద్రత గురించి కూడా ప్రశ్నలుంటాయి. విపత్తు ప్రణాళిక రాసుకున్నారా, భవనం పటిష్టత తనిఖీ జరిగిందా, మంటలార్పే సిలిండర్లు ఉన్నాయా, భద్రత చూసుకోవడానికి ఒక టీచరుని నియమించారా అని. చాలా బళ్లలో ఈ ఫారం ఆఖరి రోజుల్లో హడావిడిగా నిండుతుంది. టీచర్లని తప్పుపట్టి లాభం లేదు, పాఠాలతో పాటు వాళ్ల నెత్తిన యాప్‌లూ ఎక్కువే. కానీ మీ నాలుగో తరగతి గది ఆ ఫారంలో ‘బాగుంది’ అని పడి ఉంటే, జిల్లా లెక్కలో అది బాగున్న గదే. మేడం ఎన్ని ఉత్తరాలు రాసినా అవతలివాళ్లు కంప్యూటరు తెరిచి అదే చూస్తారు. అందుకని మొదటి కమిటీ మీటింగులోనే ఆ ఫారం కాపీ అడగండి. భద్రత పేజీ మీరే చదివి, అక్కడ రాసినదీ బడిలో ఉన్నదీ ఒకటేనా అని నడిచి చూడండి. సిలిండరు ఉందని రాశారా? అయితే ఎక్కడుంది, దాని మీద సూది ఆకుపచ్చ భాగంలో ఉందా, మళ్లీ నింపించాల్సిన తేదీ దాటిందా? బీరువా వెనక దుమ్ముకొట్టుకుని ఉన్న సిలిండరు ఫారంలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇంకో సంగతి మీకు బలాన్నిస్తుంది. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో ప్రభుత్వ బడి కప్పు కూలి 7గురు పిల్లలు చనిపోయారు. ఆ వెంటనే కేంద్ర విద్యాశాఖ అన్ని రాష్ట్రాలకూ బడి భవనాలు, కరెంటు వైరింగు, అగ్నిప్రమాద ఏర్పాట్లు తనిఖీ చేయించమని రాసింది. అందులోనే, పిల్లలకి హాని జరగబోయి తప్పిపోయిన సంఘటనలని కూడా 24 గంటల్లో సంబంధిత అధికారికి తెలియజేయాలని చెప్పింది. మీ బడిలో జరిగింది అచ్చం అదే. సాయంత్రం పెచ్చు ఊడింది కాబట్టి సరిపోయింది, మధ్యాహ్నం ఊడి ఉంటే ఆ బెంచీ మీద పిల్లలుండేవారు. “ఎవరికీ ఏం కాలేదు కదమ్మా” అని ఎవరైనా అంటే, ఏం కాకపోయినా చెప్పి తీరాలని ఆదేశం ఉందని మర్యాదగానే గుర్తు చేయండి.

కమిటీ మెంబరుగా మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం మీటింగు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే నిధులకి ఆ ప్రణాళికే ఆధారం కావాలని అదే చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అయినా మన దగ్గర కమిటీ అంటే సంతకాలు పెట్టి టీ తాగి రావడం అనుకుంటారు! నోటిమాటగా ఎంత గట్టిగా అడిగినా ఆ మాట గది దాటదు. తీర్మానం రాయించండి. ఇలా రాస్తే చాలు:

“నాలుగో తరగతి గది పైకప్పు పెచ్చు తేదీ ____ సాయంత్రం ఊడి విద్యార్థులు కూర్చునే బెంచీ మీద పడినందున, ఇనుప ఊచలు తుప్పు పట్టి బయటకు కనిపిస్తున్నందున, ఇంజినీరు పరిశీలించి గది వాడకానికి యోగ్యమని రాతపూర్వకంగా ధ్రువీకరించే వరకు ఆ గదిలో తరగతులు జరపరాదని, గదికి తాళం వేయాలని, మిగిలిన గదులను కూడా తనిఖీ చేయించాలని కోరుతూ ఈ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.”

కింద అందరి సంతకాలు, తేదీ. దీని నకలు, ఫోటోలు జతచేసి మేడం చేత పంపించండి. ఆవిడకి కూడా ఇది మేలే చేస్తుంది. 2021లో కేంద్రం ఇచ్చిన బడి భద్రత మార్గదర్శకాల ప్రకారం ప్రభుత్వ బడుల్లో బాధ్యత హెచ్‌ఎం, టీచర్లు, విద్యాశాఖ అధికారులు అందరిదీ. రేపు ఏదన్నా జరిగితే ముందు మెమో అందేది ఆవిడకే. తీర్మానం ఉంటే, తాను చెప్పాల్సింది చెప్పానని చూపించుకోవడానికి ఆవిడ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఎవరికి పంపాలన్నది మీ విషయంలో కాస్త తికమక. మీది మున్సిపల్ బడి. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకి వెళ్లింది. దాంతో జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకి వెళ్తే “బిల్డింగు కార్పొరేషన్‌ది” అనడం, కార్పొరేషన్‌కి వెళ్తే “స్కూలు ఎడ్యుకేషన్ వాళ్లది” అనడం, మధ్యలో మీ చెప్పులరగడం. పైగా 2019లో మొదలైన నాడు–నేడు బడుల మరమ్మతు పనులప్పుడు ఒక్కో బడిని ఒక్కో ఇంజినీరింగ్ విభాగానికి అప్పగించారు. కొన్ని సమగ్ర శిక్ష వాళ్లకి, కొన్ని మున్సిపల్ ఇంజినీర్లకి, కొన్ని విద్య సంక్షేమ మౌలిక వసతుల అభివృద్ధి సంస్థకి. కాబట్టి మేడంని సూటిగా ఒక్కటే అడగండి: “మన బడి ఏ ఇంజినీరింగ్ విభాగం కింద ఉంది? అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎవరు?” ‘పైన’ అంటే మీకు మొదటి మెట్టు ఆ ఏఈ. ఉత్తరం ఒక్కటే రాసి మండల విద్యాధికారి (ఎంఈఓ)కి, డీఈఓకి, సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసుకి, మున్సిపల్ కమిషనర్‌కి నలుగురికీ పంపండి. ప్రతి ఉత్తరంలోనూ మిగతా ముగ్గురికీ పంపినట్టు కింద రాయండి. ‘మాది కాదు’ అని ఎవరన్నా రాతలో చెప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళ్లండి. అర్జీ ఇచ్చాక రశీదు నంబరు తీసుకోండి. నంబరు లేకుండా వచ్చారంటే ఊరికే వెళ్లొచ్చినట్టే. సమగ్ర శిక్ష జిల్లా విభాగానికి జిల్లాలో పెద్ద కలెక్టరే కాబట్టి అర్జీ అక్కడ పడటం మంచిది. ఇంజినీరు వచ్చి చూసి వెళ్లాక ఏం రాశారో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ తనిఖీ నివేదిక నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

డబ్బు లేదన్న మాట కొంత నిజం, కొంత సాకు. కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 100 దాటి 250 వరకు ఉంటే ఏటా 50 వేలు, ఆపైన 1000 వరకు ఉంటే 75 వేలు. దీంతో స్లాబు మరమ్మతు అవదు, దానికి ఇంజినీరు అంచనా వేసి పెద్ద మరమ్మతుల కింద పంపాల్సిందే. కానీ పగిలిన స్విచ్ బోర్డులు, వేలాడే వైర్లు, ఊగే మెట్ల రెయిలింగు, సంపు మూత, వీటికి ఆ డబ్బు చాలు. 2025లో తల్లికి వందనం కింద 15 వేలలో మీ ఖాతాలో పడింది 13 వేలే కదా. మిగతా 2 వేలూ బడి నిర్వహణకి, మరుగుదొడ్ల శుభ్రతకి అని పక్కన పెట్టినవి. ఇద్దరు పిల్లలుంటే మీ ఇంటి నుంచే 4 వేలన్నమాట. ఆ లెక్క అడగడానికి మీరు మొహమాటపడక్కర్లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తేలికే. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కమిటీ తరఫున కరెంటు ఆఫీసు ఏఈకి ఉత్తరం ఇవ్వండి. కంచె పడేలోగా పిల్లలు అటు పోకుండా గేటు రెండో తలుపు వాడండి. బడికి 100 గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని చట్టం ఉంది, అలాంటి బడ్డీకొట్టు ఉంటే అదీ చెప్పండి. గంజాయి అనుమానం ఉంటే మత్తుమందుల మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972.

మీరు అడగలేదు గానీ, సింగ్ నగర్‌లో ఉంటూ వరద ఊసెత్తకుండా ఉండలేం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మీ వీధుల్లో ఎన్నాళ్లు నీళ్లు నిలిచాయో నాకన్నా మీకే బాగా తెలుసు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే ప్రతి బడికీ సొంత విపత్తు ప్రణాళిక ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. చాలా చోట్ల ఆ ప్రణాళిక ఎక్కడో దించిన నాలుగు పేజీలు. భూకంపం వస్తే బల్ల కింద దూరమని ఉంటుంది, బుడమేరు పేరు ఉండదు. మీ బడి ప్రణాళికలో ఉండాల్సినవి వేరు. వాన ముంచుకొస్తుంటే మధ్యలో బడి వదలాలని ఎవరు నిర్ణయిస్తారు? చిన్నపిల్లల్ని ఎవరికి అప్పగిస్తారు, తల్లిదండ్రులు రాకపోతే ఏ టీచరు ఆగుతారు? అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు మేడమీద పెట్టారా, కింద బీరువాలోనే ఉన్నాయా? ఇవి మీటింగులో అరగంటలో తేలే విషయాలు. నీళ్లు తగ్గిన తర్వాత మరీ జాగ్రత్త. గోడ చెమ్మ ఆరకుండా, ఎలక్ట్రీషియన్ వైరింగు చూడకుండా మెయిన్ వేయనివ్వద్దు. సంపు కడిగి క్లోరిన్ వేయకుండా ఆ నీళ్లు తాగనివ్వద్దు. అత్యవసరానికి విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ 1070, పోలీసులకి 112.

ఇంకొకటి, ఇది గోడలకన్నా ముఖ్యం. మీరు కమిటీలో ఉన్నారు కాబట్టి ఏదో ఒక రోజు ఏ తల్లైనా మీ దగ్గరికొచ్చి, బడిలోనో బడి దారిలోనో ఎవరో పాపతో తప్పుగా ప్రవర్తించారని గుసగుసగా చెప్పొచ్చు. ఆ రోజు పెద్దమనుషుల పంచాయితీ వద్దు, “పరువు పోతుంది” అన్న మాట అసలే వద్దు. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే అదే నేరం, సంస్థ బాధ్యుల విషయంలో ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి సాయం కూడా అడగొచ్చు. పాపని నలుగురి ముందు నిలబెట్టి పదిసార్లు అడిగించకండి. ఆ నంబరు బడి గోడ మీద పిల్లల కళ్లకి అందే ఎత్తులో పెద్దగా రాయించండి.

ఇక ప్రైవేటు మాట. మీ ఆయన భయం నాకు అర్థమైంది. కానీ 2004 జూలై 16న 94 మంది పిల్లల్ని బలిగొన్న కుంభకోణం అగ్నిప్రమాదం జరిగింది ప్రైవేటు యాజమాన్యం బడిలోనే. ఆ తర్వాతే 2009లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా భవనం పటిష్టత, మంటలార్పే ఏర్పాట్లు, సిబ్బందికి శిక్షణ తప్పనిసరి అంది. మన ఊళ్లో ఇరుకు సందుల్లో, ఒకటే మెట్ల దారితో, కిటికీలకి గ్రిల్స్ బిగించిన మేడల్లో నడిచే స్కూళ్లు మీరూ చూసే ఉంటారు. ఫీజు కట్టినంత మాత్రాన స్లాబు గట్టిపడదు. ఎక్కడికి మార్చాలనుకున్నా ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం), భవనం పటిష్టత సర్టిఫికెట్ చూపించమని ముందు అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే. అలాంటి చోటికన్నా, ఆ ఒక్క గది మూసేసిన మీ బడే నయం.

తీర్మానం చేశాక కూడా గదికి తాళం పడకపోతే, లేదా ఇంజినీరు కాగితం లేకుండా పూత పూసి తెరిచేస్తే, అప్పుడు మాత్రం పాపని ఆ గదిలోకి పంపకండి. ఎందుకు పంపడం లేదో రాసి మేడంకి ఇవ్వండి, నకలు డీఈఓకి పంపండి. అవసరమైతే బడి మార్చండి. నలుగురూ అనుకునేదాని గురించి దిగులొద్దు. కమిటీ మెంబరుని అయ్యాను కదా అని సొంత పిల్లని ఊడిపోయే స్లాబు కింద కూర్చోబెట్టమని ఏ చట్టమూ చెప్పదు.